ఆరు పెట్టెలు, ఒక అగ్గిపెట్టె

నోవై, మిషిగన్
మార్చి 10, 2024

చిరంజీవి విద్యకి,

మీ బావ ఆశీస్సులు.

కృతి పెళ్లి అక్టోబర్‌లో ఖాయమైందని మీ అక్క నిన్న పొద్దున కాఫీ చేతికిస్తూ చెప్పింది. పెళ్లికొడుకు దేవ్‌ది నేపర్‌విల్ అనీ, నెమ్మదస్తుడనీ, మన కృతి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాడనీ కూడా చెప్పింది. ఆ ఒక్క గుణం చాలు, కాపురం నిలబడుతుంది. నీకూ అనూప్‌కీ నా అభినందనలు.

ఇక్కడ ఇంకా మంచు పోలేదు. డ్రైవ్‌వేలో పారతో మంచు ఎత్తిపోస్తూ నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈ పెళ్లిలో ఆండాళ్ పిన్నిగారు పాడే వియ్యపురాలి పాటల్ని నేను రికార్డ్ చేస్తాను. మగపెళ్లివారిని విందుకి కూర్చోబెట్టి, వియ్యపురాలిని కట్టిన చీర నుంచి తెచ్చిన సారె దాకా ఏకిపారేసే ఆ పాటలు ఈ దేశంలో మన వాళ్లలో ఆవిడకి తప్ప ఎవరికీ రావు. నా పెళ్లిలో మా అమ్మ మీద ఆవిడ కట్టిన పాట మా అమ్మ పదేళ్లు మర్చిపోలేదు, ఆ తర్వాత తనే పాడుకుంటూ తిరిగేది.

ఈ పని నాకే ఎందుకు ఇవ్వాలంటే, ముప్పై ఒక్క ఏళ్లు కార్ల కంపెనీ ల్యాబ్‌లో కూర్చుని తలుపు వేసినప్పటి చప్పుడు, అద్దం సందులో గాలి ఈల, సీటు కింద కిర్రు, ఇవే విన్నాను. చప్పుడు ఎక్కడిదో పట్టుకుని దాన్ని తీసేయడమే నాకు అన్నం పెట్టిన పని. రిటైరయ్యాక కొనుక్కున్న సామాను ఆరు పెట్టెల్లో ఉంది. రెండు పెద్ద మైకులు, స్టాండ్లు, రికార్డర్, హెడ్‌ఫోన్లు, బ్యాటరీలు, ఒక పెట్టె నిండా వైర్లు. మొత్తం తొంభై పౌన్లు. వీటితో పడితే పిన్నిగారు పాట మధ్యలో పీల్చిన ఊపిరి కూడా వినిపిస్తుంది.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. సెల్ ఫోన్‌లో మనిషి గొంతుని పిండి, ఆరేసి, మడతపెట్టి పంపుతారు. అలాంటి గొంతుతో నేను మాట్లాడలేను. నువ్వూ ఉత్తరమే రాయి. ఎలాగూ నీ దస్తూరి మీ అక్క దస్తూరి కన్నా బాగుంటుంది, ఈ మాట ఆవిడకి చెప్పకు.

మీ బావ,
జగదీష్


మోరిస్‌విల్, నార్త్ కరోలినా
మార్చి 24, 2024

బావగారికి నమస్కారాలు.

నా దస్తూరి గొప్పదన్నారని అక్కకి చెప్పేశాను. ఆ తర్వాతి పరిణామాలకి నా పూచీ లేదు.

ఉత్తరం అందింది. మా ఇంటికి స్టాంపు అంటించిన ఉత్తరం రావడం చూసి కృతి, “మమ్మీ, ఈజ్ ఇట్ ఫ్రమ్ కోర్ట్?” అని కంగారు పడింది. పెదనాన్న రాశారంటే, “ఆయన ఫోన్ ఎత్తరు, టెక్స్ట్ చేస్తే థంబ్ పెడతారు, లెటర్ మాత్రం రాస్తారా? సో క్యూట్” అంది. మీకు డెబ్బై ఒకటో ఏట ఈ బిరుదు రాసిపెట్టి ఉంది.

మీరు చెప్పిన విషయం పిన్నికి చెప్పాను. పిన్ని సంగతి మీకు తెలుసు కదా, ఆసుపత్రిలో నలభై ఏళ్లు మత్తు డాక్టరు. వేలమందిని నిద్రపుచ్చింది కాబోలు, పెళ్లిళ్లలో మాత్రం ఒక్కరినీ కునుకు తియ్యనివ్వదు. ఇప్పుడు ఎనభై మూడు. “ఈ ఒక్క పెళ్లికీ పాడతానే. ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్లి భోంచేసి వస్తాను” అంది. ఊపిరి చాలడం లేదట. రాసిపెట్టమంటే ఒప్పుకోదు. వియ్యపురాలి మొహం చూశాక అప్పటికప్పుడు కట్టాలట. “ముందే రాసుకుంటే అది పాట కాదు, ప్రిస్క్రిప్షన్” అంది.

అంటే మనకి ఒకే ఒక్క అవకాశం ఉంది. అందుకే మీ తొంభై పౌన్లంటే నాకు భయం. నా దగ్గర అగ్గిపెట్టంత రికార్డర్ ఉంది. మా కంపెనీ మీటింగులకి కొన్నాను. నడుంలో దోపుకుంటే కనపడదు. దాంతో చాలదా?

మీకు తెలుసో లేదో, మా అమ్మ కూడా ఈ పాటలు పాడేది, పిన్ని కన్నా బాగా. నాన్నగారు ప్రతి పెళ్లికీ, “మంచి టేప్ రికార్డర్ కొన్నాక పడదాం, ఈ డొక్కుదాంట్లో ఎందుకు” అనేవారు. మంచిది కొన్నారు. అది వచ్చేసరికి అమ్మ లేదు. అమ్మ గొంతు ఇప్పుడు నా దగ్గర ఒక్క నిమిషం కూడా లేదు. ఉన్నదాంతో పట్టేయడమే నాకు తెలిసిన బుద్ధి.

మీ మరదలు,
విద్య


నోవై
ఏప్రిల్ 14, 2024

చిరంజీవి విద్యకి,

మీ అక్క రెండు రోజులు కిరాణా లిస్టు కూడా నాకు కంప్యూటర్‌లో టైపు చేసి ఇచ్చింది. ఆ పాపం నీదే.

అత్తగారి సంగతి చదివి మనసు చివుక్కుమంది. కానీ నా సంగతి కూడా విను. మా నాన్న గొంతు నా దగ్గర ఉంది. ఎనభై రెండులో ఒక చిన్న టేప్ రికార్డర్, నువ్వు మెచ్చుకునేలాంటిదే, చొక్కా జేబులో పట్టేది, దాంతో పట్టాను. నలభై ఐదు నిమిషాలు నాతో మాట్లాడారు. ఆ క్యాసెట్‌లో ఏముందో తెలుసా? సీలింగ్ ఫ్యాన్ ఉంది. వీధిలో సోడా బండి ఉంది. వాటి కింద ఎక్కడో మా నాన్న ఏదో చెబుతున్నారు. నవ్వినట్టు తెలుస్తుంది, ఎందుకు నవ్వారో తెలియదు. మా ల్యాబ్‌లో ఉన్న మిషన్లన్నిటి మీదా పెట్టి చూశాను. ఫ్యాన్ తీస్తే నాన్న కూడా పోతున్నారు. గొంతు ఉండి మాట తెలియకపోవడం అసలు లేకపోవడం కన్నా నయమేమో, నాకు మాత్రం అలా అనిపించదు.

కాబట్టి పిన్నిగారి పాట నేను ఫ్యాన్ కింద పెట్టను. ఆరు పెట్టెలూ వస్తాయి. విమానంలో వేస్తే విసిరేస్తారు, కార్లో పదకొండు గంటలు డ్రైవ్ చేసుకుని వస్తాను. జూలైలో ఒకసారి వచ్చి రిహార్సల్ కూడా చేస్తాను. ఆ రోజు నీ ఇంట్లో ఫ్రిజ్ ఆపాలి, ఏసీ ఆపాలి, గోడ గడియారం తీసి గరాజ్‌లో పెట్టాలి. అనూప్ గురక పెట్టే టైముకి కాకుండా చూసుకుందాం.

ఇక వీడియో అంటావా, దాని జోలికి నేను పోను. మీరు మాట్లాడుకున్న వీడియో వాళ్లు డ్రోన్ కూడా ఎగరేస్తారని మీ అక్క చెప్పింది. ఆకాశం నుంచి చూస్తే అందరి బట్టతలలూ ఒకేలా ఉంటాయి. మనకి కావలసింది గొంతు.

మీ బావ


మోరిస్‌విల్
జూలై 21, 2024

బావగారికి,

మీరూ అక్కా క్షేమంగా చేరారని తెలిసింది. మీరు వెళ్లాక గడియారం మళ్లీ గోడకి పెట్టాను. ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ కరిగి రసం గిన్నెలో కలిసిన సంగతి మీకు అప్పుడు చెప్పలేదు, ఆ రసం మీరే రెండుసార్లు అడిగి పోయించుకున్నారు గనక.

ఇప్పుడు అసలు విషయం. మీకు కోపం వచ్చినా సరే రాస్తున్నాను. రిహార్సల్ ఫెయిల్ అయింది బావగారూ. మీరు పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కుకి జానెడు దూరంలో అంత లావు మైకు పెట్టి, తల కదపకండి, చేతులు ఊపకండి, గాజులు తీసేయండి అన్నారు. పిన్ని ఎలా పాడిందో గుర్తుందా? పెద్ద డాక్టర్ల సభలో పేపర్ చదివినట్టు పాడింది. మధ్యలో ఒకసారి “థాంక్యూ” అని కూడా అంది. వియ్యపురాలిని తిట్టే పాటలో థాంక్యూ ఏమిటి?

మీరు వైర్లు చుట్టి కార్లో సర్దడానికి వెళ్లారు చూడండి, ఆ ముప్పావు గంటలో పిన్ని నాతో వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అసలు పాట ఎత్తుకుంది. దేవ్ వాళ్లమ్మ ఫోటో ఫోన్‌లో చూసి కట్టిందట. నేను కొంగు చాటున అగ్గిపెట్టె నొక్కాను. అక్క నవ్వలేక కిందపడబోయింది. కృతి అయితే, “అమ్మమ్మా, దిస్ ఈజ్ లైక్ అ రోస్ట్!” అని ఎగిరి గంతేసింది. ఎదురుగా కూర్చోబెట్టి మనిషిని ఆటపట్టించడాన్ని ఇక్కడి పిల్లలు అలా అంటారట. ఈ పాటలంటే అప్పటిదాకా అది దేవుడి పాటలనే అనుకుంటోంది, పాపం.

ఆ రికార్డింగ్ చిన్న పెన్ డ్రైవ్‌లో వేసి ఈ కవర్లోనే పెడుతున్నాను. వినండి. విని చెప్పండి, మైకు ముందు కూర్చున్న పిన్ని నిజమో, చిక్కుడుకాయల పిన్ని నిజమో.

విద్య


నోవై
ఆగస్టు 11, 2024

చిరంజీవి విద్యకి,

విన్నాను. నీళ్ల పంపు చాలా బాగా వచ్చింది. డిష్‌వాషర్ ఇంకా బాగా వచ్చింది. వాటి వెనక ఎవరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు గొణుక్కుంటున్నారు. ఇదీ నీ అగ్గిపెట్టె ప్రతాపం.

మైకు ముందు పిన్నిగారు బిగుసుకుపోయిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. దానికి మందు ఆలోచించాను. ఈసారి మైకు ఆవిడ ముందు ఉండదు. దూరం నుంచి ఒక మనిషి గొంతునే పట్టి, పక్కవాళ్లని వదిలేసే పొడుగు మైకు ఒకటుంది. దాన్ని పూలకుండీ వెనక దాస్తాను. అది ఏడో పెట్టె.

రసం సంగతి నమ్మను. ఆ రసం బాగుంది.

మీ బావ


మోరిస్‌విల్
సెప్టెంబర్ 15, 2024

బావగారికి,

ఆ ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు మీ భార్య, ఒకరు మీ మరదలు, మూడో ఆవిడ ఆండాళ్ పిన్ని. ప్రతి మాటా నాకు స్పష్టంగా వినిపిస్తోంది, కృతికీ వినిపిస్తోంది. మీరు వాల్యూమ్ పెంచకుండా విన్నారా, లేక మీ పెట్టెల మీద అభిమానంతో వినదల్చుకోలేదా?

పెళ్లి పనులతో తల ప్రాణం తోకకొస్తోంది కాబట్టి షరతులు చెప్పి ముగిస్తాను. విందు మా కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో, పెళ్లి ముందు రోజు మధ్యాహ్నం. తొంభై మంది వస్తారు. మీ పెట్టెలు ఒక మూల. మీరు ఎవరికీ “ష్” అనకూడదు. పిల్లలకి కూడా. నా అగ్గిపెట్టె నా నడుంలో ఉంటుంది, దాన్ని మీరు తీసేయమనకూడదు. మీ దారి మీది, నా దారి నాది.

ఇంకొక్క మాట. అక్క ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనక మీ టీవీ మా ఇంటి దాకా వినిపిస్తోంది. అంత గట్టిగా ఎందుకు పెడుతున్నారు? అడిగితే అక్క ఏదో మాట మార్చేసింది.

విద్య


నోవై
నవంబర్ 17, 2024

చిరంజీవి విద్యకి,

పెళ్లి దివ్యంగా జరిగింది. కృతీ దేవ్‌లకి నా ఆశీస్సులు. వంటవాళ్ల పూర్ణాలకి ప్రత్యేకంగా ఆశీస్సులు.

ఉత్తరం ఆలస్యమైంది, కారణం ఈ కవర్లోనే ఉంది. నాలుగు వారాలు రోజుకి ఆరు గంటలు కూర్చుని పిన్నిగారి పాటలు శుభ్రం చేశాను. క్లబ్‌హౌస్‌లో ఏసీ ఆపించినందుకు నువ్వు నన్ను ఎలా చూశావో మర్చిపోలేదు. కానీ ఆ చెమటల్లోనే కదా పిన్నిగారికి “ఏసీ ఆపిన అల్లుడు” అనే చరణం దొరికింది. అంటే ఆ చరణంలో సగం వాటా నాది.

పూలకుండీ వెనక మైకు అద్భుతంగా పనిచేసింది. ఒక్కటి రాస్తాను, చదువుతూ విను:

విమానమున వచ్చె వియ్యపురాలు
పెట్టెలో తెచ్చెనే పచ్చళ్లు నాలుగు
తెచ్చిన పచ్చళ్లు తిప్పి చూసితిమే
మా వీధి షాపుదే లేబులున్నదే

ఆఖరి పాదం ముందు పిన్నిగారు తీసిన దీర్ఘం, ఆ వెంటనే నవ్వు ఆపుకుంటూ పీల్చిన ఊపిరి, చేతి గాజు ఒకటి టేబుల్‌కి తగలడం, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. వియ్యపురాలు గారు కూడా ఎంత నవ్వారు! మంచి మనిషి.

మిగతా గోల అంతా తీసేశాను. కుర్చీలు, గ్లాసులు, పిల్లలు, మీ ఆడవాళ్ల కేకలు, ఏవీ లేవు. మధ్యలో రెండు నిమిషాలు మరీ గందరగోళంగా ఉంది. మీ అక్క మగపెళ్లివారి వైపు వెళ్లి నిలబడింది చూడు, అప్పుడు. అందరూ నా వైపు తిరిగి నవ్వుతుంటే ఏదో జోకు చెప్పి ఉంటుందనుకుని నేనూ నవ్వి చెయ్యి ఊపాను. స్క్రీన్ మీద చూస్తే అక్కడ సన్నటి గీతలు తప్ప ఏం లేవు, తుడిచేశాను. ఇప్పుడు పిన్నిగారి గొంతు తప్ప ఇంకేమీ లేదు. నా జీవితంలో ఇంత శుభ్రమైన పని చేయలేదు.

మీ అక్క ఎందుకో వచ్చినప్పటి నుంచి ముభావంగా ఉంది. పెళ్లి అలసట కాబోలు.

మీ బావ


మోరిస్‌విల్
డిసెంబర్ 1, 2024

బావగారికి,

మీ పెన్ డ్రైవ్ వచ్చిన రోజే పిన్నినీ కృతినీ పిలిచి హాల్లో పెద్ద స్పీకర్లలో పెట్టాను. ముందు మంచి మాట చెబుతాను, ఎందుకంటే అది నిజం. పిన్ని గొంతు అలా ఉంటుందని నాకు ఈ వయసు దాకా తెలియదు. ఎదురుగా కూర్చుని విన్నప్పుడు కూడా అంత వినలేదు. పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఇది నేనేనా? ఇంత బాగా పాడతానని ముందే ఎవరైనా చెప్పుంటే ఆసుపత్రి మానేసేదాన్ని కదే” అంది. అమ్మ పాట కూడా మీరే పట్టి ఉంటే ఎంత బాగుండేది బావగారూ. మీ పెట్టెల్ని వెక్కిరించినందుకు లెంపలేసుకుంటున్నాను.

కానీ పచ్చళ్ల చరణం అయ్యాక ఏమైందో చెప్పనా? నిశ్శబ్దం. ఎంతసేపో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం చివర పిన్ని ఒక్కతే, “ఒసేయ్ పెద్దదానా, భేష్!” అని గాలితో మాట్లాడింది. మళ్లీ నిశ్శబ్దం. పాట ఉంది కానీ పెళ్లి లేదు. కృతి మొహం చిన్నబుచ్చుకుని, “మమ్మీ, పెద్దమ్మ పార్ట్ ఎక్కడ? దట్ వాజ్ ద బెస్ట్ పార్ట్” అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క మీ మీద పాడిన పాట మీకు నచ్చక కోపంతో తీసేశారనుకున్నాను. అంతకు ముందు వారమే అక్క ఫోన్‌లో ఏడ్చింది. “పదకొండు గంటలు కార్లో పక్కన కూర్చున్నానే. ఒక్క మాట అనలేదు. బాగుందనో, బాగాలేదనో. డెట్రాయిట్ వచ్చేదాకా మైకు గురించే చెప్పారు” అంది. అక్క కూడా చిన్నప్పుడు అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తను పాడి ఎన్నేళ్లయిందో మీకు తెలుసు. పిన్ని చరణం మీద చరణం వేస్తుంటే, మగపెళ్లివారి వైపు బదులు పాడగలిగేవాళ్లు ఒక్కరూ లేక వియ్యపురాలు గారు దిక్కులు చూస్తుంటే, “పాపం, ఒంటరిగా ఎలా వదిలేస్తాం, వాళ్ల వైపు నేను పాడతా” అని తనే లేచి వెళ్లింది. వెళ్లి ఎదురుగా మిమ్మల్ని చూసి, మీ మీదే కట్టింది.

నిన్న మీకు చెడామడా ఉత్తరం రాద్దామని కూర్చుని, మీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. “ఏదో జోకు చెప్పి ఉంటుందనుకుని” అని ఉంది. అక్కడ ఆగిపోయాను. ఒకదాని తర్వాత ఒకటి గుర్తొచ్చాయి. చిక్కుడుకాయల పాటలో మీకు నీళ్ల పంపు మాత్రమే వినిపించింది. ఫోన్ ఎత్తరు, ఉత్తరమే రాయమంటారు. టీవీ అంత గట్టిగా పెడతారు. నేను అడిగిన ప్రశ్నకి ఇప్పటిదాకా జవాబు లేదు.

బావగారూ, మీకు వినపడలేదు కదూ?

మీరు కోపంతో తీసెయ్యలేదు. అక్కడ ఉందని తెలియక తీసేశారు. ఈ మాట మీ నోటితో అక్కకి చెప్పేదాకా నేను చెప్పను. కానీ త్వరగా చెప్పండి. ఇంత చిన్న విషయానికి మా అక్కని ఏడిపిస్తే ఊరుకోను.

నా అగ్గిపెట్టె రికార్డింగ్ పంపుతున్నాను. నేను అప్పుడు మజ్జిగ గ్లాసులు అందిస్తూ అక్క పక్కనే ఉన్నాను. గ్లాసులున్నాయి, పిల్లలున్నారు, ఎవరో చిన్నపిల్ల బాత్రూమ్ అని ఏడుస్తోంది, నా పట్టుచీర గరగరా ఉంది. అక్క కూడా ఉంది.

విద్య


నోవై
డిసెంబర్ 22, 2024

చిరంజీవి విద్యకి,

అవును. వినపడలేదు.

మూడేళ్లుగా తగ్గుతోంది. ముందు పిట్టలు పోయాయి. తర్వాత మైక్రోవేవ్ గంట. ఆ తర్వాత ఆడవాళ్ల మాటల్లో అంచులు అరిగిపోయాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. మోటారు, పంపు, ట్రక్కు మాత్రం శుభ్రంగా వినిపిస్తాయి. చెవులతో బతికినవాణ్ని విద్యా. చెవులు పోతున్నాయని ఎవరికైనా ఎలా చెప్పను? అందుకే ఇంకా మంచి మైకు, ఇంకా పెద్ద హెడ్‌ఫోన్లు కొంటూ వచ్చాను. ఎక్కువ నాణ్యత పోస్తే నా లోపం పూడుతుందనుకున్నాను. క్లబ్‌హౌస్‌లో నేను వినలేదు, మీటర్లు చూస్తూ కూర్చున్నాను. పిన్నిగారి పాట కూడా ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్లలో బాగా గట్టిగా పెట్టుకుంటేనే వినిపించింది.

నీ ఉత్తరం రాగానే వంటింట్లోకి వెళ్లి మీ అక్కకి చదివి వినిపించాను. మొత్తం చదివాను, ఏడ్చిన సంగతి కూడా. ఆవిడ స్టవ్ ఆపి, “నాకు తెలుసు. మీరే చెబుతారని చూస్తున్నాను” అంది. తెలిస్తే మరి కార్లో ఎందుకు అలిగావంటే, “తెలిసినా పాడినదానికి ఆశ ఉండదా?” అంది. ఆ రోజు గిన్నెలన్నీ నేనే కడిగాను.

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ అమ్మాయి పేరు హంసిక, మన పిల్లే, ఇక్కడే పుట్టిందట. నా చెవుల గ్రాఫ్ చూపించింది. కార్ల గ్రాఫులు ఎన్ని వేలు చూశాను, ఏ కారుకైనా ఇలాంటిది వస్తే వెనక్కి పంపేసేవాణ్ని. ఆ అమ్మాయి చేతిలో పెట్టిన మిషన్లు చూసి, “ఇంత చిన్న మైకులో క్వాలిటీ ఏముంటుందమ్మా?” అని ఇరవై నిమిషాలు వాదించాను. అంతా విని, “అంకుల్, పెద్దది కావాలంటే చెవి దగ్గర స్టాండ్ వేసుకుని తిరగాలి. ఓకేనా?” అంది. మీ అక్క అంత గట్టిగా నవ్వడం ఈ మధ్య చూడలేదు. చూడటమే కాదు, అప్పటికే ఒకటి చెవిలో ఉంది, విన్నాను కూడా.

నా జీవితంలో నేను పెట్టుకున్న అతి చిన్న సామాను ఇదే. చిక్కుడు గింజంత ఉంది. ఫ్రిజ్ గోల చేస్తుంది, కాగితం మడిస్తే టపాకాయలు పేలినట్టుంది. పెద్ద గొప్ప నాణ్యత కాదు. ఎక్కడికి వెళ్తే అక్కడికి వస్తుంది.

ఇంటికి రాగానే నీ అగ్గిపెట్టె పెట్టాను. గ్లాసులు వినిపించాయి. బాత్రూమ్ పిల్ల వినిపించింది. నీ పట్టుచీర వినిపించింది, చీర అంత చప్పుడు చేస్తుందని మర్చిపోయాను. ఆ మధ్యలోంచి మీ అక్క:

పెట్టెలేడు తెచ్చె మీ పెద్దల్లుడమ్మా
చెవులకు డిప్పలు తగిలించెనమ్మా
ఊరందరి పాటలూ పట్టేటివాడు
ఇంట్లోన నే పిలిస్తే పలకడోయమ్మా

అందరూ గొల్లుమన్నారు. నేను చెయ్యి ఊపింది ఇక్కడే కాబోలు. నవ్వులు సద్దుమణగకముందే మీ అక్క మళ్లీ ఎత్తుకుంది, ఈసారి గొంతు తగ్గించి:

పలకకున్న పోనీలె వియ్యపురాలా
పిలవడం మానను నూరేళ్లదాకా

ఆ పాదం దగ్గర గ్లాసుల చప్పుడు కూడా లేదు. నువ్వు మజ్జిగ పంచడం ఆపేసి ఉంటావు. ఆ తర్వాత పిన్నిగారు, “ఒసేయ్ పెద్దదానా, భేష్!” అన్నారు. మధ్యలో ఉన్నది తుడిచేసి, ఆ భేష్ ఒక్కటీ భద్రంగా ఉంచాను చూడు! ఇంత తెలివితక్కువ పని ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో చేసి ఉంటే నన్ను ఆ రోజే ఇంటికి పంపేవారు.

అసలు రికార్డింగ్ నా దగ్గర అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. నా మైకు పిన్నిగారి వైపే చూస్తోంది కనక మీ అక్క అందులో ఎక్కడో గోడ అవతల ఉన్నట్టుంది. అందుకే పిన్నిగారి పాటలు నా దాంట్లోంచి, మీ అక్క పాట నీ దాంట్లోంచి తీసి ఒకచోట చేరుస్తున్నాను. కుర్చీలూ పిల్లలూ నవ్వులూ అన్నీ ఉంటాయి, ఒక్కటి కూడా తీయను. కృతికి పంపుతాను. దానికి మనవలు పుట్టి, వాళ్ల పెళ్లిలో ఎవరిని ఎలా తిట్టాలో తెలియక తడుముకుంటుంటే పనికొస్తుంది. నిన్న పాత క్యాసెట్ కూడా పెట్టి విన్నాను. ఫ్యాన్ అలాగే ఉంది. కానీ నాన్న నవ్వే ముందు “ఒరే జగ్గూ” అన్నారు. నాలుగు దశాబ్దాల తర్వాత ఒక మాట దొరికింది.

ఇదంతా అయ్యాక మీ అక్క దగ్గరికి వెళ్లి, నా ఎదురుగా ఇంకొక్కసారి పాడమని అడిగాను. తెలివిగలది. ముందు నా చేతుల వంక చూసింది, తర్వాత జేబుల వంక. “రికార్డ్ చేయనంటే పాడతాను” అంది. ఫోన్ తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టి వచ్చాను, పెట్టెల పక్కన. ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఫ్రిజ్ నడుస్తోంది, ఆపలేదు.

ఈసారి కొత్తది పాడింది, అప్పటికప్పుడు కట్టి. నాలుగు చరణాలు. ఎలా ఉందని నువ్వు అడుగుతావు, పంపమని కూడా అంటావు. పంపలేను విద్యా, అది నా దగ్గర లేదు. విన్నాను, అంతే.

మీ బావ,
జగదీష్